తిమింగలాన్ని చూసొద్దామా!

సెలవులొస్తున్నాయంటే మన ఇళ్లల్లో వినిపించే పేర్లు అందరికీ తెలిసినవే. తిరుపతి, అరకు, ఊటీ... చేతిలో నాలుగు డబ్బులాడితే గోవా. ఈమధ్య ఆ వరసలోకి ఓ కొత్త మాట వచ్చి చేరింది. నీలి తిమింగలం! శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లు సెల్‌ఫోన్‌లో వీడియో చూపిస్తారు. సముద్రంలోంచి ఇంత పెద్ద తోక పైకి లేచి, నీళ్లు కారుస్తూ మెల్లగా మునిగిపోతుంది. అది చూసిన పిల్లలు ఊరుకుంటారా? ‘మనమూ వెళ్దాం నాన్నా’ అంటూ మొదలుపెడతారు. నాన్న విమానం టికెట్ల ధరలు వాకబు చేస్తాడు. అమ్మ క్యాలెండర్ తీసి స్కూలు సెలవులు లెక్కపెడుతుంది.

చిక్కల్లా అక్కడే. చార్మినార్ ఏ నెలలో వెళ్లినా అక్కడే ఉంటుంది. జూలో పులి టికెట్ కొన్న వాళ్లందరికీ కనిపిస్తుంది. తిమింగలానికి మన సెలవులతో పనిలేదు. దాని తిండి దానిది, దాని దారి దానిది. కాబట్టి ఈ యాత్రకి ప్లాన్ కాస్త తలకిందులుగా వేసుకోవాలి. అది ఏ నెలలో ఎక్కడుంటుందో ముందు తెలుసుకుని, ఆ తర్వాతే టికెట్ల సంగతి చూడాలి. ఇంకో మాట కూడా ఉంది. ఎక్కే పడవ ఎలాంటిదో చూసుకోకపోతే, ఎంతో ఇష్టపడి చూడ్డానికి వెళ్లిన జీవిని మనమే ఇబ్బంది పెట్టి తిరిగొస్తాం.

కనిపించేది ఊపిరి కోసమే

తిమింగలం చేప కాదని పిల్లలకు పాఠంలోనే చెబుతారు. డాల్ఫిన్ కూడా అంతే. రెండూ మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చేవే, పిల్లల్ని కని పాలిచ్చేవే. నీళ్లలో ఎంతసేపున్నా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. మనకు అది కనిపించేది సరిగ్గా అప్పుడే!

తల మీదున్న రంధ్రంలోంచి గాలిని బలంగా వదిలినప్పుడు తెల్లటి ఆవిరి పిచికారీలా లేస్తుంది. నీలి తిమింగలం వదిలే ఆ ఆవిరి 9 మీటర్ల ఎత్తు దాకా వెళ్తుంది. అంటే దాదాపు మూడంతస్తుల మేడంత! అనుభవమున్న పడవవాళ్లు కిలోమీటర్ల దూరం నుంచే దాన్ని పసిగడతారు. ఏ జాతిదో కూడా చెప్పేస్తారు. ఆవిరి నిటారుగా లేస్తే నీలి తిమింగలం. ముందుకీ ఎడమవైపుకీ వాలితే స్పెర్మ్ తిమింగలం.

పైకి వచ్చిన తిమింగలం కాసేపు అక్కడే ఉండి వరసగా కొన్నిసార్లు గాలి పీల్చుకుంటుంది. లోపలికి మునగడానికి కావాల్సిన ప్రాణవాయువును అలా నింపుకొంటుందన్నమాట. తర్వాత నడుం వంచి, తోక పైకెత్తి మునుగుతుంది. నీలి తిమింగలమైతే మళ్లీ పదిపదిహేను నిమిషాల్లో రావచ్చు. స్పెర్మ్ తిమింగలమైతే ముప్పావుగంట, ఒక్కోసారి గంట కూడా ఎదురుచూడాలి.

ఆ నాలుగు నిమిషాల్లోనే నాలుగువైపుల నుంచీ పడవలు దూసుకొచ్చాయనుకోండి. అది ఊపిరి పూర్తిగా తీసుకోకుండానే మునిగిపోతుంది. లోపల తిండి వెతుక్కునే సమయం తగ్గిపోతుంది. పక్కన పిల్ల ఉంటే ఇబ్బంది రెట్టింపు. రోజుకు ఒక్కసారైతే ఫర్వాలేదేమో! సీజనంతా ప్రతి ఉదయమూ అదే జరిగితే? ఈ యాత్రలో గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి ఇదే.

సంక్రాంతికి మిరిస్సా, వేసవికి త్రింకోమలీ

ప్రపంచంలోకెల్లా పెద్ద జంతువును మనకు దగ్గర్లో చూడాలంటే శ్రీలంకే. అక్కడి నీలి తిమింగలాలు ఆ జాతిలో కాస్త చిన్నవి. చిన్నవంటే మరీ చిన్నవేం కాదు, పెద్దవి 24 మీటర్ల దాకా ఉంటాయి. రెండు ఆర్టీసీ బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత! అంత శరీరం తినేదేమిటో తెలుసా? బుల్లిబుల్లి రొయ్యలు. మన తీరంలో ఎండబెట్టి అమ్మే రొయ్యపొట్టు గుర్తుందిగా... ఇంచుమించు అలాంటివే.

పెద్ద తిమింగలాలు చల్లటి సముద్రాల్లో కడుపు నింపుకొని, వెచ్చటి నీళ్లకు పిల్లల్ని కనడానికే వస్తాయన్నది చాలాకాలం పాఠ్యపుస్తకాల మాట. 2003లో ఆశా డి వోస్ అనే శ్రీలంక యువతి పరిశోధన నౌక మీద వెళ్తూ నీలి తిమింగలాల గుంపును చూసింది. వాటి దగ్గర నీళ్ల మీద ఎర్రటి మరక తేలుతోంది. అది తిమింగలం పేడ! తింటేనే కదా పేడ వేసేది? అంటే భూమధ్యరేఖకు ఇంత దగ్గర్లోని వెచ్చటి నీళ్లలోనూ ఇవి తిండి తింటున్నాయన్నమాట. ఆ ఎర్ర మరకే ఆమెను వాటి వెంట నడిపించింది. ఆ తిమింగలాల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

తిండి ఎటుంటే అవీ అటే. గాలీ అలలూ అనుకూలించే నెలల్ని బట్టి శ్రీలంకలో చూసే చోటు మారుతుంది. దాన్ని మన సెలవులకు ఇలా అన్వయించుకోవచ్చు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ తీరంలోని మిరిస్సా. అంటే సంక్రాంతి సెలవులకు ఇదే సరైన చోటు. కొలంబో నుంచి సుమారు 150 కిలోమీటర్లు. చాలాదూరం ఎక్స్‌ప్రెస్ రోడ్డే కాబట్టి రెండున్నర, మూడు గంటల్లో చేరిపోవచ్చు. పడవలు ఉదయం ఆరున్నర ప్రాంతంలో బయల్దేరతాయి. తిరిగొచ్చేసరికి మూడు నుంచి అయిదు గంటలు పడుతుంది.

మే నెల వచ్చిందంటే నైరుతి రుతుపవనాలతో దక్షిణ తీరం అల్లకల్లోలంగా మారుతుంది. వేసవి సెలవులే కుదురుతాయనుకునేవాళ్లు అప్పుడు తూర్పు తీరానికి వెళ్లాలి. అక్కడ త్రింకోమలీలో మార్చి నుంచి ఆగస్టు దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. కొలంబో నుంచి రోడ్డు మీద ఆరేడు గంటల ప్రయాణం. మనవాళ్లకు ఇక్కడ ఇంకో ఆకర్షణ కూడా ఉంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పుకునే శాంకరీదేవి కొలువైంది ఇక్కడేనని నమ్మకం. కొండకొమ్మున కోణేశ్వర స్వామి ఆలయం. ఆ కొండ పక్కనే సముద్రం అడుగున లోతైన లోయ ఉంది. అందుకే తిమింగలాలు తీరానికి చాలా దగ్గరగా వస్తాయి. అదృష్టం బాగుంటే దర్శనం చేసుకుని బయటికొచ్చి నిలబడితే చాలు, ఆవిరి లేవడం కొండ మీంచే కనిపిస్తుంది. పడవంటే భయపడే నాయనమ్మకు ఇంతకన్నా ఏం కావాలి!

డాల్ఫిన్లే ముఖ్యమనుకుంటే వాయవ్య తీరంలోని కల్పిటియా. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్. ఇక్కడివి స్పిన్నర్ డాల్ఫిన్లు. గాల్లోకి ఎగిరి బొంగరంలా తిరిగి నీళ్లలో పడతాయి. ఒక్కో గుంపులో వందలకొద్దీ ఉంటాయి. చిన్నపిల్లలున్న కుటుంబాలకు తిమింగలం కన్నా ఇదే ఎక్కువ నచ్చొచ్చు.

దసరా సెలవుల సంగతంటారా? ఆ రోజుల్లో అటు దక్షిణానా ఇటు తూర్పునా సముద్రాన్ని నమ్ముకోలేం. అప్పటికి ఇంకో ఊరు చూసుకోవడమే మేలు.

ఓడల దారిలో ప్రాణం

శ్రీలంక దక్షిణ కొస మీదుగానే ప్రపంచంలోని రద్దీ ఓడ దారుల్లో ఒకటి వెళ్తుంది. తిమింగలాలు తిండి తినేదీ సరిగ్గా అక్కడే. పెద్ద ఓడ ఢీకొంటే, ఢీకొన్న సంగతి ఓడలోనివాళ్లకు తెలియను కూడా తెలియదు. ఆ దారిని కాస్త దక్షిణంగా జరపమని పరిశోధకులు, పర్యావరణ సంస్థలు ఎన్నో ఏళ్లు అడిగారు. చివరికి కంటైనర్ ఓడల దిగ్గజం ఎంఎస్‌సీ 2022 నుంచి తన ఓడల్ని తీరానికి మరింత దూరంగా మళ్లించింది. అంత పెద్ద కంపెనీ ఓడలే పక్కకు తప్పుకుంటుంటే, రెండు గంటల సరదాకు వెళ్లే పడవ వంద మీటర్లు ఆగలేదా?

నిజానికి ఆగాలనే అక్కడి నిబంధన. తిమింగలానికి 100 మీటర్లలోపు పడవ వెళ్లకూడదు. ఎదురుగా అడ్డం వెళ్లకూడదు, చుట్టుముట్టకూడదు. కానీ నిబంధన కాగితం మీద ఉంటుంది, పడవ నీళ్ల మీద ఉంటుంది. ‘ఇంకాస్త దగ్గరికి పోనీ’ అని ప్రయాణికులు కేకలేస్తే, పక్క పడవకన్నా దగ్గరగా చూపిస్తేనే రేపు గిరాకీ ఉంటుందనుకుంటే... ఏ సరంగు మాత్రం ఆగుతాడు? అందుకే ఎంపిక రేవులో కాదు, టికెట్ కొనే దగ్గరే జరగాలి.

డబ్బులు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. తిమింగలానికి ఎంత దూరంలో ఆపుతారు? ఒకే తిమింగలం దగ్గర ఎన్ని పడవలుంటే మీరు వెనక్కి వస్తారు? పడవలో వివరించి చెప్పే మనిషి ఉంటాడా? అందరికీ, ముఖ్యంగా పిల్లల సైజుకి లైఫ్ జాకెట్లున్నాయా? మొదటి ప్రశ్నకు ‘చేత్తో తాకేంత దగ్గరగా తీసుకెళ్తాం’ అని జవాబొస్తే నమస్కారం పెట్టి పక్క కౌంటర్‌కు వెళ్లిపోవడమే. తిమింగలంతో కలిసి ఈత కొట్టిస్తామనేవాళ్ల దగ్గరా అంతే. వాళ్లకన్నా వెయ్యి రూపాయలు ఎక్కువైనా నిదానంగా నడిపే పెద్ద పడవే నయం. పిల్లలకు కుదుపూ తక్కువ, పైఅంతస్తు నుంచి చూపూ ఎక్కువ.

పాస్‌పోర్టు లేకపోతే... చిలికా

విమానం, వీసా ఇవేవీ వద్దనుకునేవాళ్లకు రైలెక్కితే చాలు, పక్క రాష్ట్రంలోనే డాల్ఫిన్లున్నాయి. ఒడిశాలోని చిలికా సరస్సులో ఉండేవి ఐరావతి డాల్ఫిన్లు. గుండ్రటి తల, ముందుకు పొడుచుకు రాని మూతి, బూడిద రంగు ఒళ్లు. చూస్తే నవ్వుతున్నట్టే ఉంటుంది. వీటి పేరు బర్మాలోని ఐరావతి నది నుంచి వచ్చింది. అక్కడ ఇవి జాలర్లతో కలిసి చేపల్ని వల వైపు తోలుతాయి కూడా!

అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ జాతిని ప్రపంచానికి మొదట పరిచయం చేసింది మన విశాఖపట్నమే. 1852లో విశాఖ రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగానే 1866లో రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. పేరేమో ఐరావతిదైంది, మొదటి నమూనా మాత్రం విశాఖది! డాల్ఫిన్ నోస్ కొండను చూస్తూ పెరిగిన విశాఖ పిల్లలకు ఈ ముచ్చట చెబితే ఎంత మురిసిపోతారో.

చిలికాకు వెళ్లే మనవాళ్లు తరచూ ఒకచోట పొరబడుతుంటారు. హౌరా రైలు మార్గంలోనే ఉన్నాయి కదా అని బాలుగావ్‌లోనో రంభలోనో దిగుతారు. పడవెక్కి కాళీజాయి గుడి చూస్తారు, చలికాలమైతే నలబన పక్షుల్నీ చూస్తారు. ‘డాల్ఫిన్లేవీ?’ అని వెతుక్కుంటారు. డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది సరస్సు సముద్రంలో కలిసే వైపు, సాతపడా దగ్గర. అక్కడికి పూరీ నుంచి వెళ్లాలి, దాదాపు 50 కిలోమీటర్లు. జగన్నాథుడి దర్శనం మర్నాడు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికల్లా తిరిగి రావచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు నిశ్చలంగా ఉంటాయి కాబట్టి చూడ్డానికి అదే మంచి కాలం.

ఇవి సినిమాల్లో డాల్ఫిన్లలా ఎగిరి గంతులెయ్యవు. చప్పుడు లేకుండా వీపు పైకి తేలుతుంది, ‘ఫుస్’మని చిన్న శబ్దం, అంతే. కళ్లు చిట్లించి చూసేలోపే మునిగిపోతుంది. అందుకే ఇక్కడ మోటారు చప్పుడే పెద్ద శత్రువు. డాల్ఫిన్లు శబ్దంతోనే దారి చూసుకుంటాయి, శబ్దంతోనే చేపను పట్టుకుంటాయి. మోటారు హోరులో వాటికి కళ్లకు గంతలు కట్టినట్టే. పడవ అడుగున తిరిగే రెక్క తగిలితే ప్రాణమే పోతుంది. సరస్సు మొత్తంలో ఉన్నవే 200 లోపు. అందులో ఒకటి పోయినా లెక్కలోకి వస్తుంది.

కానీ చిలికా కథలో మంచి కబురు కూడా ఉంది. పూడికతో సముద్రం నుంచి ఉప్పునీరు రావడం తగ్గి సరస్సు చిక్కిపోతున్నప్పుడు, చిలికా అభివృద్ధి సంస్థ 2000లో కొత్త ముఖద్వారం తవ్వించింది. ఉప్పునీరు వచ్చింది, చేపలొచ్చాయి, వాటితో పాటే డాల్ఫిన్లూ కోలుకున్నాయి. ఇక మిగిలింది పడవల సంగతే. ఎక్కగానే పడవవాడితో ఒక్క మాట చెప్పండి. ‘బాబూ, డాల్ఫిన్ కనిపిస్తే వెంటపడొద్దు. మోటారు ఆపేయ్. కనిపించినా కనిపించకపోయినా నీ డబ్బులు నీకిస్తాం’ అని. వాళ్లూ ఆ సరస్సునే నమ్ముకుని బతికేవాళ్లు. కనిపించకపోతే గొడవ పెట్టుకుంటారేమోనన్న భయమే వాళ్లను పరుగెత్తిస్తుంది.

అమెరికాలో మనవళ్లుంటే

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు నయాగరా ఎలాగూ తప్పదు. బోస్టన్ వైపు వెళ్తే ఒక రోజు తిమింగలాలకు కేటాయించుకోవచ్చు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడి స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే చోటుకు హంప్‌బ్యాక్ తిమింగలాలు తిండికి వస్తాయి. అమెరికా ప్రభుత్వం 1992లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఈ తిమింగలాల తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఒకదానికి ఉండవు. అందుకే అక్కడివాళ్లు ఒక్కోదాన్నీ పేరుతో పిలుస్తారు. వీపు మీది రెక్కపై ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చలున్న ఒక ఆడ తిమింగలానికి ‘సాల్ట్’ అని పేరు. 1970ల నుంచి దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ అక్కడికే వచ్చింది. తన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. తర్వాత వాటి పిల్లలూ వచ్చాయి. మనవళ్లను చూడ్డానికి సముద్రాలు దాటి వెళ్లిన అమ్మమ్మలకు ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మూట సర్దుకునేముందు

* ఒక రోజు అదనంగా ఉంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సముద్రం బాగాలేక పడవలు ఆగిపోవచ్చు, వెళ్లినా తిమింగలం కనిపించకపోవచ్చు. ఈ రోజు సముద్రం, రేపు పొద్దున్నే తిరుగు విమానం అని పెట్టుకుంటే ఆ తొందరంతా సరంగు మీదే పడుతుంది. మిరిస్సాలో మిగిలిన రోజుకు గాలే కోట ఉంది, కాస్త దూరమైనా కతరగామ సుబ్రహ్మణ్యస్వామి ఉన్నాడు.

* డబ్బు కట్టేముందు, కనిపించకపోతే ఏం చేస్తారో అడగండి. ఇంకోసారి ఉచితంగా తీసుకెళ్లే పడవలుంటాయి. అది కాగితం మీద రాయించుకోవడం మంచిది.

* పడవ పడనివాళ్లు ముందురోజే డాక్టర్నడిగి వాంతులు రాకుండా మాత్ర తెచ్చుకోండి. పడవ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. పొద్దున్నే పూరీలూ పెసరట్లూ వద్దు. రెండు ఇడ్లీలో, బిస్కెట్లో చాలు. ఖాళీ కడుపూ మంచిది కాదు. అల్లం మురబ్బా జేబులో వేసుకోండి. కళ్లు తిరుగుతున్నట్టుంటే ఫోన్ పక్కన పెట్టి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటును చూడాలి.

* గర్భిణులు, నడుంనొప్పి ఉన్నవాళ్లు, మరీ పసిపిల్లలు ఉన్నవాళ్లు చిన్న పడవలు ఎక్కకపోవడమే మంచిది.

* టోపీ, పొడుగు చేతుల చొక్కా, మంచినీళ్లు, ఫోన్‌కు ప్లాస్టిక్ కవరు మర్చిపోవద్దు. ఇంటిల్లిపాదికీ ఒక బైనాక్యులర్ ఉంటే పడవ దూరంగా ఆగినా బాధుండదు. తిన్న పొట్లాలు మాత్రం సముద్రంలో వెయ్యకండి.

* వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి. టికెట్లు కొనేముందు శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

కనిపించకపోతే...

ఇంత డబ్బు పెట్టి వెళ్లాక ఏమీ కనిపించకపోతే పిల్లలు నిరాశపడతారు. నిజమే. ఆ మాట బయల్దేరకముందే వాళ్లకు చెప్పి ఉంచాలి. కచ్చితంగా కనిపించేలా చేయడానికి ఒకటే మార్గం ఉంది... పట్టుకొచ్చి తొట్టెలో పెట్టడం. బంతి ఎగరేయించే డాల్ఫిన్ షోలు అలాగే పుట్టాయి. రోజుకు పదుల కిలోమీటర్లు ఈదే జీవిని సిమెంటు తొట్టెలో తిప్పడం తగదని మన దేశం 2013లోనే తేల్చేసింది. డాల్ఫిన్ షోల కేంద్రాలకు అనుమతి ఇవ్వొద్దని ఆదేశాలు వెళ్లాయి. గంగానదిలో ఉండే డాల్ఫిన్‌ను 2009లోనే మన జాతీయ జలచరంగా ఎంచుకున్నారు.

తొట్టెలో ఉన్నది తప్పించుకోలేదు కాబట్టి కనిపిస్తుంది. సముద్రంలో ఉన్నది రాదలచుకుంటే వస్తుంది. నిదానంగా సాగే పడవ దగ్గరికి డాల్ఫిన్లు తమంతట తామే వచ్చి, ముందు భాగం పక్కనే ఈదుతూ పోవడం పడవవాళ్లంతా ఎరిగిందే. వెంటాడిన పడవకు మాత్రం వాటి వీపే కనిపిస్తుంది.

కాబట్టి పిల్లలకు ఒక పని అప్పగించండి. పడవలో అందరికన్నా ముందు ఆవిరి ఎవరు చూస్తారో పందెం వేయండి. కనిపించాక తిమింగలం ఎన్నిసార్లు గాలి పీల్చిందో లెక్కపెట్టమనండి. తోక ఎత్తి మునిగేదాకా లెక్క సాగిందంటే అది కంగారుపడలేదన్నమాట. ఫొటో సరిగ్గా రాకపోయినా పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టే!